ఉట్టి యెత్తు

కృష్ణాతీరమందలి యొక గ్రామమునుండి యొక సోదరి గడచిన మాసమున మాకు జాబు వ్రాసియున్నారు. వారి యింటి తూర్పు పంచ ఖాళీగ నున్నదట. వీధిలోని మూడు మొదలు ఆఱేండ్లలోపు పిల్లలను పదునైదుగురను చేర్చి, ప్రొద్దుటిపూట రెండు మూడు గంటలు ఆటలతోను, పాటలతోను, చిన్న చిన్న పనులతోను గడపవలెనని వారి సంకల్పము. ఏ యే బొమ్మలు కొనవలయును, గోడలమీద నేమి వ్రాయింపవలయును అని మమ్ము అడిగిరి. ఇట్టి తలంపు కలుగుటయే మిక్కిలి సంతోషము. బొమ్మల పట్టీ కడపట వ్రాసెదము. అంతకుముందు వారొక పని చేయవలెనని మా కోరిక. ఆ పంచలోనికి పోయి, నేలమీద బాసింపట్టు వేసికొని కూర్చుండి, కదలక పావుగంటసేపు చుట్టును చూడవలయును.

నేలమీద కూర్చున్న మన కన్ను రెండడుగుల పైచిలుకు ఎత్తున నుండును. నిలుచున్న మూడేండ్ల బిడ్డ కన్ను దానికంటె జానెడైనను హెచ్చుగ నుండదు. మనము నిలువున తిరుగునపుడు కనబడనివి ఎన్నియో అప్పుడు కనబడును. బల్ల అడుగున సాలెపట్టు, పైకి లేచిన మేకు మొన. కిటికీలో ఆకాశము తప్ప వేఱేమియు లేకుండుట. పటములన్నియు మెడ వెనుకకు విఱిచి చూడవలసిన చోట నుండుట. తలుపు గడియ, దీపపు మీట, నీళ్లబిందె, తువ్వాలు, సబ్బు, చదువు, ఆట, అన్నియు ఉట్టి మీదనే యుండును.

ఉట్టి యనగానే మనకు భాగవతము జ్ఞప్తికి రాక మానదు. బాలకృష్ణుడు పీటలు, రోళ్లు పేర్చి ఉట్టి నందుకొనుట, గొల్లభామలు వచ్చి యశోదతో మొఱ పెట్టుకొనుట చదివి మనమెల్లరము నవ్వుకొన్నవారమే. పోతన్నగారి చేత ఆ ఘట్టము తేనె యైనది. కాని బిడ్డలున్న యిల్లాలుగా మరల చదివినప్పుడు మాకొక సందియము కలిగినది. ఆ బాలుని దొంగను చేసినది వెన్నయా, ఉట్టియా? పిల్లికి అందకుండుటకై కట్టిన ఉట్టి పిల్లవానికిని అందలేదు. పిల్లికిని పిల్లవానికిని మన యిండ్లలో ఒకటే కట్టడి. పెద్దలు మా సాహసమును మన్నింతురు గాక.

ఈ సందియము కేవలము గ్రంథపఠనమువలన కలిగినది కాదు. మేము చేసిన తప్పువలన కలిగినది. ఇతరులకు ఉపాయము చెప్పబూనినపుడు దానిని దాచుట న్యాయము గాదు.

నాలుగేండ్ల క్రిందట మావారు పనిచేయు పాఠశాలలో ఒక గది ఖాళీపడెను. మా యూరి అంగన్‌వాడి ఆవలి కొసన నున్నది. ఈవలి కొసనుండి మిరపతోటలకు కూలికి పోవు తల్లుల బిడ్డలు అంతదూరము పోలేక, బడిగోడ ప్రక్కన ప్రొద్దంతయు దుమ్ములో నుండెడివారు. అది చూచి మేమును, మఱి యిద్దఱు స్త్రీలును ఆ గదిని బాగుచేయించితిమి. ఒక దాత అద్దాల బీరువా నిచ్చెను. మఱియొకరు ఏటికొప్పాక లక్కబొమ్మలు, కొండపల్లి బొమ్మలు, బొంగరములు, గిలకలు, ఒక కొయ్యచిలుక తెప్పించి యిచ్చిరి. గోడలమీద అక్షరమాల, దేశనాయకుల పటములు మనిషి నిలువెత్తున వ్రేలాడదీసితిమి. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. చూచినవారెల్లరును పెద్దవారే యని అప్పుడు మాకు తోచలేదు.

బీరువా తాళపుచెవి మా కొంగున నుండెడిది. పదిగంటలకు తెఱచి, ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క బొమ్మనిచ్చి, పదకొండు గంటలకు లెక్కపెట్టి తీసికొని తాళము వేయుచుంటిమి. వచ్చు పిల్లలలో నాలుగేండ్ల బాలిక యొకతె యుండెను. దానికి కొయ్యచిలుక యన్న ప్రాణము. అది తన చేతికి వచ్చిన దినమున మూలకు పోయి, మోకాలిమీద నుంచుకొని, మాటాడక కూర్చుండెడిది. రానినాడు బీరువా అద్దమునకు ముక్కు ఆనించి నిలుచుండెడిది. అద్దముమీది ఆ ముక్కు గుఱుతును మేము ప్రతిదినము తుడిచితిమి గాని, అదేమి చెప్పుచున్నదో చదువలేదు.

మాఘమాసమున నొకనాడు లెక్కకు చిలుక తక్కువ వచ్చెను. ఆ పిల్ల పరికిణీ మడతలో దొరకెను. తల్లికి కబురు చేసితిమి. మేము కోపముగ నేమియు ననలేదు. "పిల్లకు కాస్త బుద్ధి చెప్పుకోమ్మా" అని మెల్లగానే యంటిమి. ఆమె మిరపకోతనుండి తిన్నగ వచ్చినది; చేతుల ఘాటు ఇంకను పోలేదు. ఆ చేతులతోనే మా యెదుట బిడ్డను చెంపల మీద కొట్టినది. "మేం దొంగలం కాదమ్మగారూ" అని ఒక్కమాట యని, బిడ్డ రెక్క పట్టుకొని వెడలిపోయినది. మఱునాటినుండి పిల్ల రాలేదు.

ఆ సాయంకాలము మావారు అంతయు విని, "చిలుకను పంజరంలో పెట్టింది నువ్వే గదా" అని నవ్వబోయి, మా ముఖము చూచి ఊరకుండిరి. రెండు దినములైన పిదప బడి గ్రంథాలయమునుండి మరియా మాంటిసోరీగారి పుస్తకమొకటి తెచ్చి, ఒక పుట తెఱచి మా చేత పెట్టిరి.

ఇటలీ రాజధాని యగు రోమునగరమున సాన్ లొరెంజో యను పేట యొకటి కలదు; అది యప్పుడు పేదల పేట. అచట కూలిజనులు కాపురముండు పెద్ద లోగిళ్ల యాజమాన్యమువారికి ఒక చిక్కు వచ్చినది. తల్లిదండ్రులు పనికి పోగా, బడి యీడు రాని పిల్లలు మెట్లమీదను గోడలవెంటను చేరి యన్నిటిని పాడుచేయుచుండిరి. వారిని ఒకచోట కూర్చి కనిపెట్టియుండు ఏర్పాటు చేయుమని వైద్యురాలగు మాంటిసోరీగారిని కోరిరి. 1907 జనవరి 6వ తేదీన మార్సీ వీథిలోని యొక లోగిట ఆ గది తెఱువబడినది. దానికి పిల్లల యిల్లని పేరు పెట్టిరి. గోడలు పాడుగాకుండుటకై పుట్టిన గది లోకమునకంతకు బడి కట్టుట నేర్పినదన్న మాట!

ఆ యింటను మొదట బీరువా యుండెను. దానికి తాళమును ఉండెను. ఉపాధ్యాయురాలు వస్తువులు పంచి, మరల పోగుచేసి లోపల పెట్టుచుండెను. ఒకదినము ఆమె బీరువా తాళము వేయుట మఱచి పోయినది. మఱునాడు ఆలస్యముగ వచ్చినది. వచ్చి చూచునప్పటికి పిల్లలు తలుపు తెఱచి, తమకు కావలసినవి తీసికొని పోవుచుండిరి. ఆమె కంటికి అది దొంగతనము, శిక్షింపవలసిన పని. మాంటిసోరీగారు వేఱుగ చూచిరి. ఈ పిల్లలకు వస్తువులన్నియు బాగుగ తెలిసినవి, ఏది కావలెనో తామే యెంచుకొనగల శక్తి వచ్చినది, అని వారు గ్రహించిరి. తాళపు బీరువా పోయి, పిల్లల చేతికందు పొట్టి యఱలు వచ్చినది అందువలననే.

మేమా పుటను మూడు మాఱులు చదివితిమి. అదే బీరువా, అదే తాళము, అదే మాట. అచట శిక్ష యాగిపోయినది, ఇచట ఆగలేదు. ఆ విదుషీమణి 1939లో మనదేశమునకే వచ్చి మదరాసున అడయారులో ఉపాధ్యాయులకు బోధించినది. యుద్ధము వచ్చుటచే ఇటలీ పౌరురాలని దేశము దాటనీయక, 1946 వఱకు ఇచటనే యుండవలసివచ్చినది. కొంతకాలము కొడైకెనాలు కొండమీద నుండినది. ఇంత చేరువకు వచ్చిన విద్య మన యూళ్లలో తాళపు బీరువాను కదల్పకపోవుట చింతింపదగినదే.

అద్దాల బీరువాను పై తరగతుల పుస్తకములకు పంపివేసితిమి. దాత నొచ్చుకొనెను, ఇప్పటికిని నొచ్చుకొనియే యున్నాడు. వడ్రంగిచేత తలుపులు లేని పొట్టి యఱలు మూడు చేయించితిమి. అడుగు అఱ నేలకు జానెడెత్తు; పై యఱ రెండడుగులు దాటలేదు. వస్తువులన్నియు సర్ది, ఇక పిల్లలు తామే తీసికొందురు, తామే పెట్టెదరని సంతోషపడితిమి. మొదటి వారము నలువది బొమ్మలును నేలమీద రాశిపడెను. మాతో నున్న యొక సోదరి "చూశారా వదినగారూ, తాళమే మేలు" అనెను. మేమును దిగులుపడితిమి. కొన్ని దినములు ఊరక కూర్చుండి చూచిన పిదప తెలిసినది, దోషము పిల్లలది గాదు, సంఖ్యది. నలువదింటిని పదునాలుగు చేసితిమి. మిగిలినవి పెట్టెలో నుంచి నెలకు రెండు మూడు మార్చుచుంటిమి. రెండు వస్తువుల నడుమ జానెడు చోటు విడిచి, ప్రతిదాని క్రిందను దాని యాకారమును సుద్దతో గీచితిమి. మన పోపులపెట్టెలో ఆవాల గిన్నెలో మెంతులు పోయుదుమా? చీకటిలోనైనను చేయి తప్పదు. చోటు తెలిసినచోట చేయి దానంతట అదే పోవును. పదిదినములు తిరుగునప్పటికి మూడేండ్లవాడు గిలకను దాని గీతమీద నుంచి, వంకరగ నున్నదని మరల సరిచేసి పోయెను. ఎవ్వరును చెప్పలేదు.

ఒక్కొక్క వస్తువు ఒక్కటియే యుండవలెను. ఇద్దఱు కోరినచో ఒకరు వేచియుందురు. రెండు తెప్పించినచో మూడవవాడు ఏడ్చును, మూడు తెప్పించినచో నాలుగవవాడు. దీనికి అంతము లేదు.

చాపలను గూర్చి యొకమాట. మూడడుగుల చాపలు పది నేయించితిమి. పిల్ల చాప పఱచుకొన్నచోట ఆ గడియకు అది దాని యిల్లు. తక్కినవారు చుట్టి పోవలెను గాని త్రొక్కరాదు. ఇది నేర్పుట కష్టమేమోనని వెఱచితిమి, ఒక్కదినములో నేర్చుకొనిరి. వాకిట ముగ్గు త్రొక్కక నడచు దేశమున పుట్టిన పిల్లలు గదా!

రెండున్నరేండ్ల పిల్లవాడొకడు తల్లి విడిచిపోయిన దాది గంటసేపు ఏడ్చుచుండెడివాడు. ఎత్తుకొన్న మానును, దింపిన మొదలిడును. వానికి మేము చాల ముద్దని మురిసిపోతిమి. తీరా చూచిన, ఎత్తుకొన్నపుడు కిటికీలోనుండి వానికి తల్లి పోయిన బాట కనబడుచుండెను! కిటికీ క్రింద ఇటుకలతో ఎనిమిది యంగుళముల తిన్నె కట్టించితిమి. వాడు దానిమీద నిలిచి, తల్లి మలుపు తిరుగువఱకు చూచి, దిగివచ్చి ఆటలో పడెడివాడు. పిల్లల యేడ్పునకు ఓదార్పు మందని యందురు. ఒక్కొక్కప్పుడు ఇటుకలు కూడ మందే.

నీళ్లకుండ నేలమీద చుట్టకుదురున నుంచి, చిన్న గరిటెయు, గాజుగ్లాసులును ప్రక్కన పెట్టితిమి. గాజు వలదని అందఱును వారించిరి. పగులని పాత్ర జాగ్రత్తను నేర్పదని మాంటిసోరీగారి మతము, మేమును నమ్మితిమి. నాలుగేండ్లలో ఏడు పగిలినవి. ఒలికిన నీరు తుడుచుటకు గుడ్డపేలిక కుండ ప్రక్కనే చిన్న కొక్కెమునకు, పిల్లల మోచేతి యెత్తున, వ్రేలాడుచుండును. ఆ పేలిక కొఱకే నీరొలికించువారును కలరు.

గోడలమీది పటములలో మూడు మాత్రము మిగిల్చి, పిల్లల కంటి యెత్తునకు దించితిమి. నేలనుండి మూడడుగుల వఱకు గోడకు నల్లరంగు పూయించి సుద్ద చేతికిచ్చితిమి. నేడు పెక్కుచోట్ల గోడలనిండ, కప్పువఱకు, రంగురంగుల బొమ్మలు వ్రాయించుచున్నారు. దారిన పోవువారికది బాగుండును. కట్టడమునే పాఠముగ చేయవచ్చునని కబీర్ వాజ్‌పేయిగారు మొదలైన మనదేశపు శిల్పులు చూపిన మార్గము వేఱు. తలుపు తిరుగుచోట నేలమీద కోణముల గీతలు గీచి, తలుపు తెఱచినప్పుడెల్ల కోణము కనబడునట్లు చేయుట వారి యుపాయములలో నొకటి. అది పెద్ద తరగతులకు తగును గాని, చేతికందుచోట చదువుండవలెనను సూత్రము అందఱికి నొకటే.

మన పూర్వపు వీధిబడిని తలచినపుడు మాకు నవ్వును బాధయు కలుగును. అరుగుమీద ఇసుక పోసి వ్రేలితో ఓనమాలు దిద్దించుట ఎంత చక్కని యేర్పాటు! నేల, ఇసుక, వ్రేలు; అన్నియు పిల్లవాని యెత్తుననే. ఆ బడిలో ఎత్తున నున్నది ఒక్కటే, కోదండము వేయు త్రాడు.

ఒక మూల పాతచీర తెరగట్టి, ఒక్కబిడ్డ పట్టు చోటు విడిచితిమి. గందరగోళము సహింపనివారు అందు దూరి, కొంతసేపు కూర్చుండి, తామే వచ్చెదరు. మంచము క్రింద దూరుటకు పిల్లలకెందుకంత యిష్టమో తల్లులకు వేఱుగ చెప్పవలెనా?

గదిని గూర్చి ఇంత చెప్పితిమి గాని, చిలుక కొఱకు దెబ్బలు తిన్న ఆ పిల్ల మాత్రము రాలేదు. రెండుమాఱులు కబురు పంపితిమి. "చూద్దాంలెండి" అని తల్లి బదులు చెప్పినది.

గుజరాతు దేశమున గిజూభాయి బధేకాగారు న్యాయవాదవృత్తి నుండి మఱలి 1920లో భావనగరమున బాలమందిరము నెలకొల్పిరి. వారితో పనిచేసిన తారాబాయి మోదక్‌గారు 1945లో బొంబాయికి ఉత్తరమున సముద్రతీరమందున్న బోర్డి గ్రామమునకు పోయి బాలవాడి పెట్టిరి. మిక్కిలి పేదల బిడ్డలు దానికి రాకపోయిరి. రాకుండుట బిడ్డల లోపము కాదని తెలిసికొని, ఆమెయే సామానుతో వారి వాడలకు పోయి, ఇండ్ల ముంగిళ్లలో బడి నడిపెను. ముంగిటి బాలవాడి యనగా నదియే. తరువాత 1957లో అనుతాయి వాఘ్‌గారితో కూడ కోస్బాడు కొండకు పోయినపుడు, పశువులు కాచు పిల్లలకు పచ్చికబయలే బడి యయ్యెను. తమ్ముని చంక నెత్తుకొని వచ్చు అక్కలను తిప్పి పంపక, చంటిబిడ్డల చావడిని, బాలవాడిని, ప్రాథమిక పాఠశాలను ఒక్కచోటనే కూర్చిరి. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకపు కేంద్రములకు అంగన్‌వాడి యను పేరే పెట్టిరి. అంగణమనగా ముంగిలి. పేరు ఊరూర నున్నది; ముంగిలి ఎన్నిచోట్ల నున్నదో చదువరులే చూచుకొందురు.

వేసవి సెలవులలో, చైత్రమాసమున, మేమొక వెదురుబుట్టలో పది వస్తువులను, నాలుగు చాపలను పెట్టుకొని, వారములో రెండుదినములు ప్రొద్దుట ఆ వాడలోని వేపచెట్టు క్రిందికి పోవ మొదలిడితిమి. ఆ పిల్ల తన గుడిసె గడపమీద కూర్చుండి చూచుచుండెడిది. మేము పిలువలేదు. పిలుచుటకు మాకేమి యధికారము? బుట్టను నేలమీద, దానికి కనబడునట్లు మూత తీసి యుంచితిమి. చిలుక అందుండెను. మూడవ వారమున వచ్చి చిలుకను తీసికొని, మా వంక చూడక, గడప దగ్గఱకు పోయి మోకాలిమీద నుంచుకొనెను. లేచి వచ్చునపుడు మేము బుట్ట లెక్కపెట్టలేదు. ఇంటికి వచ్చి చూడగా చిలుక లేదు.

మూడుదినముల తరువాత మేము బుట్ట దింపగానే ఆ పిల్ల వచ్చి, పాతగుడ్డలో చుట్టిన చిలుకను విప్పి, బుట్టలో దానిచోట పెట్టి, మరల తీసికొనెను. గుమ్మము లోపలనుండి తల్లి చూచుచుండెను. మాతో నేమియు ననలేదు.

ఆషాఢమున బడి తెఱచినపుడు పిల్ల వచ్చినది. ఇప్పుడు మూడవ తరగతి చదువుచున్నది. తల్లి మేమెదురుపడినపుడు "బాగున్నారా అమ్మగారూ" అని పలుకరించును. మా గదిలోనికి మాత్రము ఆనాటినుండి అడుగు పెట్టలేదు. పెట్టుమని యడుగుటకు మాకు నోరు రాలేదు.

ఇక సోదరి యడిగిన పట్టీ. మీ పంచకు మొదట కావలసినది వడ్రంగి. బొమ్మల దుకాణము తరువాత. గడప ఎత్తైనదైనచో లోపలను వెలుపలను ఒక్కొక్క మెట్టు కట్టింపుడు. వస్తువులు పండ్రెండు చాలును: గుజ్జనగూళ్ల సామాను ఒక జత, చిన్న చేట, జల్లెడ, రెండు చెంబులు, వేఱువేఱు మూతలు గల డబ్బాలు అయిదాఱు, లక్కబొమ్మలు రెండు మూడు. లక్కబొమ్మలు ఏటికొప్పాకవి మేలు. అంకుడు కఱ్ఱతో తరణిపట్టినవి గనుక పడినను విఱుగవు. కొండపల్లివి తెల్లపొణికివి, తేలికవి, అవి చూచుటకు. గవ్వలు, చింతపిక్కలు ఏఱుటకు మంచివే గాని మూడేండ్ల లోపువారికి వలదు, ముక్కులో దోపుకొందురు. మా గదిలో ఒకమాఱు జరిగినది. ఆ కథయు, ఇసుకపళ్లెము చేయించు విధమును వచ్చు మాసమున వ్రాసెదము.